వ్యాధి తిరగబెట్టిన సంగతి రికార్డుకు ఎక్కిందా?

మా చెల్లెలికి మల్టిపుల్ స్క్లీరోసిస్. మెదడు, వెన్నుపాములలోని నరాలపై ఉండే మైలిన్ పొరను శరీర రక్షణ వ్యవస్థే దెబ్బతీసే వ్యాధి ఇది. ఒకసారి వారం రోజులపాటు ఆమె కుడికన్ను మసకబారింది. కుట్టుపని వల్ల కలిగిన అలసట అనుకొని, కళ్లపై కీరా ముక్కలు ఉంచి ఊరుకున్నాము. తరువాత న్యూరాలజిస్టు అడిగితే తేదీ కూడా చెప్పలేకపోయాము.

జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలకు మించి నిలిస్తే వ్యాధి తిరగబెట్టిందేమోనని అనుమానించాలి. ఎండవేడికి హెచ్చి, చల్లబడగానే తగ్గిపోయే బాధ వేరు.

ఆసుపత్రుల కంప్యూటర్ రికార్డులలో ఈ తిరగబెట్టడాన్ని గుర్తించేందుకు పరిశోధకులు యత్నిస్తున్నారు. దీనికి ప్రత్యేకమైన కోడ్ సాధారణంగా ఉండదు. అందువల్ల మిథైల్ ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఇచ్చారా, ఆసుపత్రిలో చేర్చుకున్నారా, ఎం.ఆర్.ఐ. తీశారా, వైద్యుడు ఏమి వ్రాశాడు అన్నవి కలిపి చూస్తారు. అయితే వైద్యునికి చెప్పనిది రికార్డుకు ఎక్కదు. రికార్డుకు ఎక్కనిది కంప్యూటర్‌కు కనబడదు. మా చెల్లెలి కంటి మసక అటువంటిదే.

ఇప్పుడు మా ఇంట ఒక నోటుపుస్తకం ఉన్నది. లక్షణం, మొదలైన తేదీ, ఎన్నాళ్లున్నది, జ్వరం వచ్చిందా, చిట్కాలతో సహా ఏ మందులు వాడాము అన్నవి అందులో వ్రాస్తున్నాము. చిట్కాలతో కాలయాపన చేయక, ఆ పుస్తకంతో వెంటనే న్యూరాలజిస్టును సంప్రదించండి.