ట్రబాంట్: సొంతదారు విప్పుకోగల కారు

తూర్పు జర్మనీలోని జ్వికావు పట్టణంలో 1957లో పుట్టిన ట్రబాంట్ కారు ఉత్పత్తి 1991లో ఆగిపోయింది. అప్పటికి తయారైనవి 30 లక్షలకు పైనే. బెర్లిన్ గోడ కూలాక పడమటి కార్ల ముందు వెలవెలబోయి, నవ్వులపాలై, కారుచౌకగా చేతులు మారింది. అయినా జర్మనీలో నేటికీ 30 వేలకు పైగా ట్రబాంట్లు రిజిస్టరై ఉన్నాయి. పాతకాలం మీది మమకారమే ఇందుకు కారణమంటారు. మమకారం కారును కొనిపిస్తుందేమో గానీ నడిపించలేదు. నడిపిస్తున్నది దాని నిర్మాణం.

చాలా ట్రబాంట్ల బానెట్ ఎత్తితే రెండు సిలిండర్ల, 26 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్ కనిపిస్తుంది. మన పాత చేతక్ స్కూటర్లలాగే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. గాలితోనే చల్లబడుతుంది కనుక రేడియేటరు లేదు. ట్యాంకు ఇంజన్ కన్నా ఎత్తులో ఉంటుంది కనుక పెట్రోలు పంపు లేదు. క్యామ్‌షాఫ్టు, టైమింగ్ చైను కూడా లేవు. చాలా మోడళ్ళలో పెట్రోలు ఎంతుందో తెలియాలంటే ట్యాంకులో గీతల పుల్ల ముంచి చూడాల్సిందే. లేని భాగం చెడిపోదు కదా! బుక్ చేసిన కారు కోసం పదేళ్ళకు పైగా ఎదురుచూసి, స్పేర్ పార్టులకూ కటకటపడిన జనం తమ కారును తామే బాగుచేసుకోవడం నేర్చారు. ఆ నేర్పే నేటి పునరుద్ధరణకు పెట్టుబడి.

బాడీకి తుప్పు పట్టదన్న మాట మాత్రం సగమే నిజం. పత్తి వ్యర్థాన్ని రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన పైరేకులకు తుప్పు లేదు. వాటిని మోసే చట్రం ఉక్కుదే. తలుపుల కింది ఉక్కును స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే అసలు సంగతి బయటపడుతుంది. తుప్పు తిన్న చోట వెల్డింగ్ తప్పదు. ఇలాంటి పనులు సొంతంగా చేస్తే ప్రమాదం కాదా అంటే, అందుకే జర్మనీలో రెండేళ్ళకోసారి తనిఖీ తప్పనిసరి. బ్రేకులో చట్రమో సరిగ్గా లేకపోతే పాస్ కాదు.

పొగ సంగతేమిటన్నది గట్టి అభ్యంతరమే. టూ స్ట్రోక్‌లో కాలని పెట్రోలు కొంత పొగతోపాటే బయటికి పోతుంది, ఆయిల్ కూడా మండుతుంది. 30 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు ఇచ్చే 'హెచ్' నంబరు ప్లేటు ఉంటే పొగ ఎక్కువ చిమ్మే కార్లకు ప్రవేశం లేని పర్యావరణ మండలాల్లోకీ రానిస్తారు. అరుదుగా నడిచే కార్లకు ఈ వెసులుబాటు సబబే. రోజువారీ ప్రయాణానికి ట్రబాంట్ ఆదర్శం కాదు. అయితే పొగ ఇంజన్ దోషం, విప్పుకోగలగడం నిర్మాణంలోని గుణం. ఒకటి వదిలి రెండోది తీసుకోవచ్చు. కొత్త కారు కొనేటప్పుడు మైలేజీ ఎంత అని అడిగినట్టే, మా వీధి మెకానిక్ దీన్ని విప్పగలడా అని కూడా అడగండి.