రాళ్లు లేని తీరము

సముద్రపు ఒడ్డు అనగానే చాలామందికి అలలను ఎదిరించి నిలిచే నల్లని బండలు గుర్తుకు వస్తాయి. విశాఖపట్నంలో అట్టి కొండ సముద్రములోనికే చొచ్చుకొని యున్నది. మన నెల్లూరు తీరమున మాత్రం, ఓడరేవుల కొరకు తెచ్చి పోసిన బండలు తప్ప, ఎటు చూచినా ఇసుకయే. అయినను ఈ ఇసుక ఒకప్పుడు రాయియే.

ఈ సంగతి కళ్లారా చూడవలెనని మేము ఐదుగురు స్నేహితులము మాఘమాసములో ఒకనాడు తెల్లవారక ముందే మైపాడు నుండి ఉత్తరముగా, పెన్నానది సముద్రములో కలిసే చోటు వైపు నడక సాగించితిమి. వల బాగుచేసుకొనుచున్న పాళెం పెద్దాయన మమ్మును చూచి, “రాళ్లు చూడాలంటే ఉదయగిరి పోవాల గాని, ఈడేముండాయబ్బయా? మాకుండేదంతా ఇసకే” అని నవ్వెను.

పెన్న కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, గండికోట దగ్గర కొండను కోసుకొంటూ, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికి చేరుచున్నది. దారిలోని రాయి నలిగి, అరిగి, ఇసుకయై వచ్చును. అలలు దానిని తీరము పొడవునా పరచును. తడి ఇసుకలో తళుక్కుమన్న పలుకులు కాకిబంగారము, అనగా అభ్రకము. గూడూరు ప్రాంతము దాని గనులకు ప్రసిద్ధి. అక్కడక్కడ నల్లని చారలు కూడ చూచితిమి. అల వెనుకకు పోవునప్పుడు తేలికైన ఇసుకను లాగుకొని, బరువైన ఖనిజాల రేణువులను వదలిపెట్టుట వలన ఆ చారలు ఏర్పడును.

ఇట్టి ఇసుక గాలికి ఎగిరిపోకుండ ఆపునది ఎవరు? మేక గిట్టవంటి ఆకులు, ఊదారంగు పూలు గల ఒక తీగ. దిబ్బల మీద పాకుచు అది ఇసుకను పట్టి ఉంచును. ఇసుకమీద కట్టిన ఇంటి కథ మనకందరికి తెలుసు. ఇచ్చట ఊళ్లకు ఊళ్లే ఇసుకమీద ఉన్నవి. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరమును కూడ తాకినది. ఎత్తైన దిబ్బలు నీటి వేగమును కొంతైనా తగ్గించగలవు. కాబట్టి దిబ్బను త్రవ్వి అమ్ముకొనువాడు తన ఊరి గోడను తానే కూల్చుకొనుచున్నాడు.

ప్రొద్దెక్కుకొలది ఎండ్రకాయలు మా అడుగుల చప్పుడుకు బొరియలలో దూరినవి. ఒడ్డున కుళ్లిన దానిని తిని శుభ్రపరచునవి ఇవే. శీతల దేశముల నుండి వలస వచ్చిన ఉల్లంకి పిట్టలు అలతో పాటు ముందుకు వెనుకకు పరుగులిడుచు ఆహారము ఏరుకొనుచుండెను.

కొంత దూరము పోగా ఇసుకలో ట్రాక్టరు చక్రపు జాడ వంటి గుర్తు కనబడెను. రాత్రి తల్లి తాబేలు వచ్చి పోయిన జాడ అది! ఆలివ్ రిడ్లే అను ఈ సముద్రపు తాబేళ్లు జనవరి నుండి మార్చి వరకు మన తీరమునకు వచ్చి, గుంట త్రవ్వి, సుమారు వంద గ్రుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోవును. 45 నుండి 60 రోజులలో సూర్యుని వేడికే పిల్లలు బయటికి వచ్చును. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుట్టుదురు.

మా సంతోషము ఎంతోసేపు నిలువలేదు. అర మైలు దాటకముందే ఒక పెద్ద తాబేలు చచ్చి పడియుండెను. ఒంటిమీద గాయము లేదు. తాబేలు నీటిలో బ్రదుకు జీవియే గాని, గాలి కొరకు పైకి రావలసినదే. మరపడవల పెద్ద వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును. 2025 జనవరిలో చెన్నై తీరమున వందలకొలది తాబేళ్లు ఈలాగే చచ్చి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినవి. వలలో తాబేలు తప్పించుకొని పోవుటకు వీలిచ్చు చట్రము అమర్చవచ్చును. పడవ యజమానులు దానికి ఒప్పుకొనవలెను.

ప్రియ పాఠకులారా, తీరపు పల్లెలలోనున్న కుటుంబములు చేయదగినవి కొన్ని కలవు. గ్రుడ్లు తీయకుడి, తిననియ్యకుడి; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. ఆ మూడు నెలలు కుక్కలను రాత్రివేళ కట్టివేయుడి. గ్రుడ్లు పొదుగు కాలములో సముద్రము వైపు దీపములు ఆర్పుడి. పిల్లలు వెలుగును చూచి సముద్రమనుకొని ఊరివైపు పాకి చచ్చును. గూడు కనబడినచో అటవీశాఖ వారికి తెలుపుడి. వారును స్వచ్ఛంద సేవకులును గ్రుడ్లను కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలను సముద్రములో విడుచుచున్నారు.

వెయ్యి పిల్లలలో ఒకటి మాత్రమే పెరిగి పెద్దదగునని చెప్పుదురు. ఆ ఒక్కటి ఎన్నో ఏండ్ల తరువాత గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన ప్రాంతమునకే తిరిగి వచ్చును. అప్పటికి ఈ ఒడ్డున దానికి ఇసుక మిగులునో లేదో మన చేతులలో ఉన్నది.