ఇంటి సినిమా రిసీవరు: వెల యెంత, ఫల మెంత?

చలనచిత్రమును ఇంటనే జూచుచు, అందలి శబ్దములను నలుదిక్కులనుండి వినుటకై యేర్పడిన సాధనసముదాయమునకు హోమ్ థియేటరని పేరు. అందు ముఖ్యమైనది రిసీవరు. దీని వెల కొన్ని వేల రూపాయలు మొదలుకొని కొన్ని లక్షలవఱకు నున్నది. గొప్పవెల పెట్టుట యుచితమా యను ప్రశ్నపై తెలిసినవారిలోనే యభిప్రాయభేదము గలదు. ఒక కుటుంబము పెక్కేండ్లు కూడబెట్టిన ధనము దీనికై వ్యయము కావచ్చును గనుక ఈ విషయమును కొంత విమర్శింతము.

రిసీవరు చేయు పనులు మూడు. డిస్కునుండియో టెలివిజనునుండియో వచ్చు ధ్వనిసంకేతమును విప్పి, ఏ భాగ మే స్పీకరునకు చేరవలయునో నిర్ణయించుట మొదటిది. ఆ బలహీనమైన సంకేతమును స్పీకరును మ్రోగింపగలంత బలవంతముగా జేయుట రెండవది. గది స్వభావమునుబట్టి ధ్వనిని సవరించుట మూడవది.

పెట్టెపై 5.1 అని యున్నచో అయిదు స్పీకర్లు, మంద్రధ్వనులకొక సబ్‌వూఫరు అని యర్థము. 7.1.4 అన్నచో చుట్టును ఏడు, మంద్రమునకొకటి, పైనుండి వినిపించుటకు నాలుగు. వాన నిజముగా తలపై కురియుచున్నట్లు తోపించు డాల్బీ అట్మాస్ పద్ధతి 2012లో సినిమాశాలలకును, 2014లో ఇండ్లకును వచ్చినది.

గొప్ప యంత్రములను మెచ్చువారి వాదము నిరాధారము గాదు. 2023లో వెలువడిన డెనన్ ఏవీసీ-ఏ1హెచ్ అను దానియందు 15 ఆంప్లిఫయర్లు గలవు. ఒక్కొక్కదానికి 150 వాట్లని చెప్పుదురు. ఇట్టి వాటిలోని బరువైన ట్రాన్స్‌ఫార్మరు 4 ఓముల స్పీకర్లనుగూడ సులభముగా నడుపును. విశాలమైన గదికిని, పెక్కు స్పీకర్లకును ఇవి తగినవే.

కాని 150ని 15చే గుణించిన 2250 వాట్లగును. మన యిండ్లలోని సాధారణమైన 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టులవద్ద ఈయగలిగినది 1380 వాట్లే. ప్రకటనలలోని వాట్లు సామాన్యముగా రెండు స్పీకర్లు మాత్రమే మ్రోగుచుండగా కొలిచినవి. అన్నియు నొక్కసారి మ్రోగినపుడు అంత బలము దొరకునని తలంపరాదు. ఇట్టి లెక్కలలో అతిశయోక్తులు పెరిగినందుననే అమెరికా ప్రభుత్వము 1974లో కొలతకు నియమ మేర్పఱచినది.

మఱియు వాట్లు రెట్టింపైనను ధ్వని రెట్టింపు గాదు; 3 డెసిబెళ్లు మాత్రమే హెచ్చును. చెవికి రెండింతలుగా వినబడవలెనన్న సుమారు పదిరెట్లు వాట్లు కావలయును. కావున 75 వాట్లకును 150 వాట్లకును గల భేదము ధరలో గనబడునంతగా చెవికి వినబడదు.

గదిని సవరించుట మాత్రము మిక్కిలి యుపయోగకరము. ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా మీటరునకు దాదాపు 3 మిల్లీసెకండ్లు. దగ్గఱి స్పీకరు ధ్వని ముందుగా వచ్చి దూరపుదానితో పొందిక చెడకుండ, రిసీవరు మైక్రోఫోనుతో దూరములను కొలిచి, దగ్గఱిదానిని ఆ మేరకు ఆలస్యము చేయును. ఈ సౌకర్యము మధ్యతరగతి వెలగల యంత్రములలోను లభించుచున్నది.

ఇంకొక మాట. మంచి స్పీకర్లు ఇరువది యేండ్లు పనిచేయును. రిసీవరు త్వరలో పాతబడును. 2017లో హెచ్‌డీఎమ్‌ఐ 2.1 పద్ధతి వెలువడగా, అంతకుముందు లక్షలు పోసి కొన్న యంత్రములు సయితము సెకండునకు 120 బొమ్మలుగల 4కే చిత్రములను అందింపజాలక పోయినవి.

కావున మా యభిప్రాయ మిది: ధనమును మొదట స్పీకర్లకును, పిమ్మట ప్రతిధ్వనిని తగ్గించు తెరలకును తివాచీకిని, ఆ తరువాతనే రిసీవరునకును వినియోగింపవలయును. మాటలు ముఖ్యముగా నడిమి స్పీకరునుండి వచ్చును. దానిని కొంచెము హెచ్చించిన, చెవులు మందగించిన తాతగారికిని అవ్వగారికిని సంభాషణ తెలియును. ఇంటిల్లిపాదికి ఇంతకంటె మేలైన ఫలము మఱి లేదు.

కొనునపుడు రెండు యంత్రములను సమానమైన బిగ్గఱతనముతో మ్రోగించి వినుడు. కొంచెము బిగ్గఱగా మ్రోగునదే మేలైనదని చెవి భ్రమపడును. వెలచీటిని చూడకమునుపే విని నిర్ణయించుట మఱింత క్షేమము.