అప్పు తండ్రి పేర, మార్కుల హక్కు కొడుకు పేర

అమెరికాలో చదివే పిల్లల వివరాలు ఇంటివారికి ఎందుకు చెప్పరు?

పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తీసుకుని పిల్లలను అమెరికా చదువులకు పంపిన కుటుంబాలు పల్లెల్లోనూ ఉన్నాయి. వాయిదాలు కట్టే తండ్రి అక్కడి విశ్వవిద్యాలయానికి ఫోను చేసి, కొడుకు పాసయ్యాడా అని అడిగితే, అతని అనుమతి లేనిదే చెప్పరు. ఇది నిర్లక్ష్యం కాదు, అక్కడి చట్టం.

ఈ చట్టాన్ని క్లుప్తంగా ‘ఫెర్పా’ అంటారు. 1974 ఆగస్టులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేయగా, అదే ఏడాది నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం బడి పిల్లల రికార్డులపై హక్కు తల్లిదండ్రులది. 18 ఏళ్లు నిండినా, కళాశాలలో చేరినా ఆ హక్కు విద్యార్థికి దక్కుతుంది. ఫీజు కట్టినంత మాత్రాన తండ్రికి హక్కు రాదు.

విద్యార్థి తన రికార్డు చూపమంటే 45 రోజుల్లోగా చూపాలి. అందులో తప్పుంటే దిద్దమని కోరవచ్చు. కాదంటే విచారణ అడగవచ్చు. చట్టాన్ని మీరితే అక్కడి కేంద్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయితే ఈ చట్టం కింద విద్యార్థి సొంతంగా దావా వేసే వీలు లేదని అక్కడి సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది.

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ప్రాణాపాయం వంటి అత్యవసర వేళ ఇంటివారికి తెలపవచ్చు. విద్యార్థి వద్దనకపోతే పేరు, కోర్సు, పొందిన పట్టా వంటి మామూలు వివరాలు ఎవరికైనా చెప్పవచ్చు. అమెరికా ఆదాయపు పన్ను లెక్కల్లో బిడ్డను తమపై ఆధారపడినవాడిగా చూపిన తల్లిదండ్రులకు మార్కులు సైతం చెప్పవచ్చు. అక్కడ పన్ను కట్టని మన రైతుకు ఇది అక్కరకు రాదు.

అసలు చిక్కు మరొకటి. విదేశీ విద్యార్థి చదువు మానేస్తే ఆ సంగతి విశ్వవిద్యాలయం అక్కడి ప్రభుత్వానికి తెలపాలి. వీసాకు ముప్పు వస్తుంది. ప్రభుత్వానికి తెలిసిన ఆ మాట ఊళ్లో అప్పు కడుతున్న తండ్రికి మాత్రం తెలియకపోవచ్చు.

దీనికి మార్గం లేకపోలేదు. ఏ వివరాలు, ఎవరికి, ఎందుకు చెప్పవచ్చో వ్రాసి, తేదీ వేసి విద్యార్థి సంతకం చేసిన అనుమతి పత్రం ఇస్తే విశ్వవిద్యాలయం తల్లిదండ్రులతో మాట్లాడవచ్చు. ఇష్టం లేనప్పుడు విద్యార్థి దానిని రద్దు చేసుకోవచ్చు. కనుక బలవంతపు సంతకం నిలవదు. ప్రయాణానికి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం మేలు. ప్రతి సెమిస్టరు చివర మార్కుల నకలు తానే ఇంటికి పంపుతానని బిడ్డ ఒప్పుకుంటే అంతకంటే సులువైన దారి లేదు.