క్యాలెండర్ మీద పాల లెక్క

"మా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో!" అని చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. నీళ్లు పోసి పడుకోబెడితే అయిదు గంటల దాకా కదిలేది కాదు. పురిటికి తెనాలి వచ్చిన మా అమ్మాయికి 35 వారాలకే కాన్పయింది. పిల్ల 2,200 గ్రాములు. నాలుగో రోజున ఇంటికొచ్చేశాం. మధ్యలో పాలకు లేపుతానని అమ్మాయి అంటే నేనే కసిరాను. "నిద్రపోయే పిల్లని లేపకూడదే. ఆకలైతే అదే ఏడుస్తుంది."

ఏడవలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడో రోజున ఆశా కార్యకర్త వచ్చింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వాళ్లు ఇంటికొచ్చి బిడ్డని చూడాలి. గుడ్డసంచిలో పిల్లని పడుకోబెట్టి, కాటా కొక్కేనికి తగిలించి పైకెత్తింది. ముల్లు రెండు కిలోల గీతకు ఇవతలే ఆగిపోయింది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా పిల్ల అరికాలి మీద వేలితో రెండుసార్లు కొట్టింది. కనురెప్ప కదిలిందంతే. "అమ్మమ్మగారూ, ఇప్పుడే ఆసుపత్రికి పదండి" అంది.

పుట్టిన మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కాస్త తగ్గుతుందట. పదో వంతు మించి తగ్గితే మాత్రం ఆలోచించాలి. మా పిల్ల అంతకంటే ఎక్కువే తగ్గింది, పచ్చకామెర్లు కూడా. నెలలు నిండని బిడ్డకు ఆకలేసి ఏడ్చే ఓపికే ఉండదని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు గుక్కలకే అలసి కళ్లు మూస్తుంది. తాగక నీరసం, నీరసంతో నిద్ర, నిద్రలో మళ్లీ పాలుండవు. కామెర్లు పెరిగితే ఆ మత్తు ఇంకా ఎక్కువ. నేను బుద్ధి అనుకున్నది నీరసం.

అక్కడి నర్సమ్మ నేర్పింది అన్నీ చిన్న పనులే. రెండు, రెండున్నర గంటలకోసారి చుట్టిన గుడ్డ విప్పి, వీపు నిమిరి, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి లేపాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. తల్లికి నొప్పి పెడుతోందంటే పట్టు కుదరలేదన్నమాట. చెవి దగ్గర పెట్టి వినమంది. చప్పరింపు వేరు, గుటక వేరు. రెండు మూడు చప్పరింపులకొకసారి 'క్' మని చిన్న చప్పుడు వినిపించింది. ముగ్గురు పిల్లల్ని పెంచాను, ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

తర్వాత ముందు ముక్కున్న చిన్న స్టీలు గిన్నె తెచ్చింది. "పాలాడై" అంది. పాలు పిండి, బిడ్డ తల కాస్త ఎత్తిపట్టి, ఆ ముక్కుని కింది పెదవి మీద ఆనించి కొద్దికొద్దిగా తాగించాలి. నాకు నవ్వాగలేదు. అది మా ఉగ్గుగిన్నె! మా అత్తగారి వెండిది అటక మీదే ఉంది. గిన్నె మంచిదే, అందులో మేం పోసినవే కావు. ఆముదం, తేనె, వస అరగదీసిన నీళ్లు. ఏడాది లోపు తేనె అస్సలు పనికిరాదు, అందులో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు పసిపేగుల్లో మొలిచి విషం పుట్టిస్తాయి. ఆరు నెలల దాకా డాక్టరు రాసిన మందులు తప్ప తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. గ్రైప్‌వాటరూ అంతే. 1851లో ఇంగ్లండులో పుట్టిన ఆ మందులో మొదట్లో ఆల్కహాలు ఉండేదట. అప్పటి పిల్లలు హాయిగా ఎందుకు పడుకునేవారో ఇప్పుడర్థమైంది.

పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. నిద్ర చూడొద్దు, ఏడుపు చూడొద్దు, తడిసిన గుడ్డలు లెక్కపెట్టమంది. మొదటి అయిదు రోజులు దాటాక రోజుకు ఆరుకు తగ్గకూడదు. బరువు రోజుకు 20, 30 గ్రాములు పెరగాలి. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ మీద పాలబ్బాయి లెక్క గీతలు గీస్తుంటాను. ఆ గడుల్లోనే పిల్ల లెక్కా మొదలుపెట్టాను.

మూడో నెల దగ్గరపడేసరికి కథ తిరగబడింది. సాయంత్రం ఆరు కొట్టిందంటే ఏడుపు, అరగంటకోసారి పాలు. నెలలు నిండి పుట్టినవాళ్లకి ఆరో వారంలో ముదిరే ఏడుపే ఇది. మా పిల్లకి అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలి. వీధి వీధంతా "పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టండి" అని తేల్చేసింది. నోరు జారబోయి క్యాలెండర్ చూశాను. ఏడు, ఎనిమిది, ఏడు. పాలు చాలుతున్నాయి. డబ్బా పడితే రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాకపోతే పాలు ఊరవు. పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిళ్లే ఎక్కువ, అందుకే రాత్రి పాలు మాన్పించడానికి తొందరపడకూడదు. దిష్టి మాత్రం తీశాను. ఎర్రనీళ్ల వల్ల ఎవరికీ నష్టం లేదు.

పసివాళ్ల నిద్రలో సగం కలతనిద్రేనట. మూలుగుతారు, మెలికలు తిరుగుతారు, కానీ మేలుకోరు. మేం చప్పుడైతే చాలు ఎత్తేసి మేమే లేపేవాళ్లం. ఇప్పుడు కాసేపు ఆగుతున్నాం. పగలు వెలుతురు, రాత్రి చీకటి, మాటల్లేకుండా పాలు. వెల్లకిలా, గట్టి పరుపు మీద. నేను ముచ్చటపడి కుట్టిన ఆవాల దిండు బీరువాలోకి వెళ్లింది.

ఒక రాత్రి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి మా అమ్మాయి ఏడుస్తుంటే విన్నాను. తల్లివి, ఓర్చుకోవాలి అనబోయి ఆగాను. మర్నాటి నుంచి రాత్రి తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా పిల్ల నాది, మధ్యలో పిండిన పాలు, ఉగ్గుగిన్నె. నాలుగు గంటలు వరుసగా పడుకుంటే మనిషి మొహమే వేరు. అలా పడుకున్నా రెండు వారాలు దాటి దిగులు తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి, 14416 టెలీ మానస్‌కైనా ఫోన్ చేయొచ్చు. బిడ్డ పాలకు లేవకపోయినా, ఆకుపచ్చగా కక్కినా, జ్వరమొచ్చినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

నెలాఖరున మా ఆయన క్యాలెండర్ చూసి, గీతలన్నీ కలిపి పాలబ్బాయికి డబ్బిచ్చొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి మిగతా నోట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారూ, ఇన్ని పాలు మా గేదె కూడా ఇవ్వదండీ" అన్నాడు.