వార్తల్లో పదం: అకౌంటింగ్ సిమ్యులేషన్

లేని దుకాణానికి అసలు లెక్కలు రాయడమే అకౌంటింగ్ సిమ్యులేషన్. ఆన్‌లైన్‌లో చదివే బీకాం విద్యార్థికి బిల్లులు, ఓచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ఇస్తారు. చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) అన్నీ తనే తయారుచేయాలి.

విజయవాడ వ్యాపారి 18 శాతం పన్ను పడే 10,000 రూపాయల సరుకును హైదరాబాద్‌కు అమ్మాడనుకోండి. రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్టీ 1,800. అదే సరుకు సొంత రాష్ట్రంలోని గుంటూరుకు అమ్మితే సీజీఎస్టీ 900, ఎస్‌జీఎస్టీ 900. ఒకదాని బదులు మరొకటి రాసినా అంకణా కుదురుతుంది. తప్పు మాత్రం లోపలే దాక్కుంటుంది. వీడియో పాఠం విన్నంత మాత్రాన అది కంటపడదు. బిల్లు మీద చిరునామా చూసే అలవాటున్నవారికే దొరుకుతుంది. పన్ను నోటీసు భయం లేకుండా ఆ తప్పు చేసి, దిద్దుకునే చోటు ఈ సిమ్యులేషనే.

ఎక్కడ తప్పారో చెప్పే అధ్యాపకుడు లేకపోతే ఇది ఉత్త టైపింగే. కాలేజీలు సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆ అధ్యాపకులను నియమించాలి.