వెండి కూజా అడుగున

మా తాతయ్య వాల్తేరులో ఒక రైల్వే దొర బంగళాలో బట్లరు. 1947లో ఆ దొర ఓడ ఎక్కుతూ ఇచ్చి వెళ్లిన టీపాట్‌ని మా ఇంట్లో ‘వెండి కూజా’ అనేవాళ్లం. పాత పట్టుచీర ముక్కలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేవారు. నా పెళ్లికి డబ్బు చాలనప్పుడు కూడా అమ్మ దాన్ని బయటికి తియ్యలేదు. ఆవిడ పోయాక నా చేతికొచ్చింది.

‘‘బరువు బాగానే ఉంది పిన్నీ, కంసాలికి చూపిద్దాం’’ అన్నాడు మా అక్క కొడుకు. ఆయన ఆకురాయి తీసి అడుగున ఒక గీత గీస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడున్న ముద్రలు ముందు చదవాలి కదా!

కుంకుడు రసంలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో భూతద్దం పెట్టాను. ఒక బుల్లి జెండా, అందులో ‘డబ్ల్యు అండ్ హెచ్’. పక్కన నాలుగు గడుల్లో నాలుగు అక్షరాలు: ఈ, పి, ఎన్, ఎస్. కింద ‘ఇంగ్లండ్’ అన్న మాట, ‘ఆర్‌డి’ తర్వాత ఆరంకెల సంఖ్య, ఇంకాస్త దూరంగా 4.

జెండా షెఫీల్డ్ నగరంలోని వాకర్ అండ్ హాల్ కంపెనీది. నాలుగు అక్షరాలకు అర్థం ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్. ఈ నికెల్ సిల్వర్‌లో వీసమెత్తు వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహమది. మనం ‘జర్మన్ సిల్వర్’ అంటామే, ఆ పేరు దీనిదే. దానిమీద విద్యుత్తుతో వెండి పూత పట్టించే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు తీసుకున్నారు. అంతకు దాదాపు వందేళ్ల ముందు షెఫీల్డ్‌లో థామస్ బోల్సోవర్ రాగి మీద వెండి రేకు పెట్టి, వేడితో అతికించే పద్ధతి కనిపెట్టాడు. ఆ పాత రకం అరిగితే ఎర్రగా రాగి బయటపడుతుంది. మా కూజా పిడి దగ్గర అరిగినచోట ఎరుపు లేదు, లేత పసుపు ఛాయ ఉంది.

చాలామంది పొరబడేది ఆ గడుల దగ్గరే. ఇంగ్లండ్‌లో అసలు వెండికి ముందుకాలు ఎత్తి నడిచే సింహం ముద్ర వేస్తారు, ఊరి గుర్తు, సంవత్సరాన్ని తెలిపే అక్షరం కూడా ఉంటాయి. పూత సామాను చేసేవాళ్లు కూడా తమ అక్షరాల్ని అలాగే చిన్న చిన్న గడుల్లో వేసేవారు. చూపు ఆనని కళ్లకు రెండూ ఒకటే. సింహం కోసం రెండుసార్లు వెతికాను. లేదు. మనసు చివుక్కుమంది, అమ్మ గుర్తొచ్చి.

వయసు చెప్పేది మాత్రం ‘ఆర్‌డి’ సంఖ్యే. బ్రిటన్‌లో నమోదైన డిజైన్లకు 1884 నుంచి ఒకటితో మొదలుపెట్టి వరసగా అంకెలిచ్చారు. 1900 మొదటికి ఆ వరస 3,51,000 దాటింది. మాదాని మీదున్న సంఖ్య 3,58,000 పైచిలుకు, అంటే డిజైన్ నమోదైంది ఆ ఏడాదే. అంతమాత్రాన కూజా అదే ఏడాది చేశారని కాదు. అంతకుముందుది కాదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. ‘ఇంగ్లండ్’ అన్న మాట కూడా దీనికి సరిపోతుంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టాక, బ్రిటిష్ సామాన్ల మీద అది విరివిగా కనిపిస్తుంది.

పండక్కి విభూతితో, అదీ చాలకపోతే ముగ్గుపిండితో అమ్మ దీన్ని తళతళలాడేలా తోమేది. పూత పలచబడింది అందుకే. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే దయచేసి పొడులతో తోమకండి. పోయిన పూత తిరిగి రాదు. కొత్త పూత వేయిస్తే ముద్రల అంచులు మొద్దుబారతాయి. నేను వేయించలేదు.

మిగిలింది ఆ 4. టీపాట్‌ల అడుగున ఇలాంటి చిన్న అంకె తరచు అరపింట్ల లెక్క. నాలుగు అరపింట్లంటే లీటరు మీద 136 మిల్లీలీటర్లు. కొలగిన్నెతో నీళ్లు పోసి చూశాం. లీటరు పోశాక ఇంకో అరగ్లాసు పట్టింది. ‘‘సరిపోయింది పిన్నీ!’’ అన్నాడు వాడు. ఆ నీళ్లు వంపేసి, ఇంటిల్లిపాదికీ అందులోనే టీ పోశాను.